పిలుపు రాని ఊపిరి

ఎండాకాలం జొన్నగిరిలో ఇంటి లోపల పడుకునేవాళ్లు తక్కువ. పొద్దు గూకాక మిద్దె మీద నీళ్లు చిలకరించి చాపలు పరుస్తారు, వాకిట్లో మంచాలు వాలుస్తారు. తొలకరి పడితే సందడి ఇంకా పెరుగుతుంది. నాలుగు వానలకు పైమట్టి కొట్టుకుపోయి వజ్రాలు బయటపడతాయన్న ఆశతో జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, పెరవలి చేలల్లోకి అనంతపురం వైపు నుంచీ బళ్లారి వైపు నుంచీ జనం దిగుతారు. పగలంతా నడుం వంచి నేల వెతికి, రాత్రి గుడి అరుగు మీదో బడి వరండాలోనో టార్పాలిన్ కిందో వరసగా ఒరుగుతారు. అలా పడుకునే చోట ఒకరి ఊపిరి ఇంకొకరికి వినపడుతుంది. గురక పెట్టే మనిషి ఎవరో ఒక్క రాత్రికే అందరికీ తెలిసిపోతుంది. గురక లేకుండా ఊపిరి ఆగే మనిషి మాత్రం ఎవరి కంటా పడడు. ఆ మనిషి గురించే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను.

అరవై దాటిన పెద్దాయన ఒకరు, ఆమధ్య గుండెపోటు వచ్చి తేరుకున్నవారు, మీ పక్కన పడుకున్నారనుకోండి. నిద్ర పట్టిన కాసేపటికి ఆయన ఛాతీ మీద చూపు నిలపండి. మొదట చిన్న ఊపిరి. తరవాతిది కాస్త పెద్దది. ఆ పైది ఇంకా లోతు. పది పన్నెండు ఊపిర్లు తిరిగేసరికి మనిషి రొప్పుతుంటాడు. అక్కణ్నుంచి ఒక్కొక్కటే చిన్నదవుతూ వచ్చి, పూర్తిగా ఆగిపోతుంది. ఛాతీ కదలదు, పొట్ట కదలదు, గొంతులో గరగర లేదు. పది సెకన్లు, ఇరవై, ఇరవై అయిదు. తట్టి లేపుదామని మీరు చెయ్యి చాపేలోపు మళ్లీ చిన్న ఊపిరి మొదలవుతుంది. ఈ చుట్టు మొత్తం దాదాపు ఒక నిమిషం. గంటలో ఎన్నో చుట్లు. ఊళ్లో పెద్దవాళ్లు చూస్తే ఎగశ్వాస అనుకుని హడలిపోతారు. ఈ మనిషి మాత్రం పొద్దున లేచి, రాత్రి సరిగా నిద్ర పట్టలేదని గొణిగి, టీ తాగి పనికి పోతాడు.

డబ్లిన్‌లో వైద్యుడు జాన్ చేన్ 1818లో సరిగ్గా ఇలాంటి ఊపిరినే రాసిపెట్టాడు. ఆయన రోగికీ అరవయ్యేళ్లే. ఊపిరి పావు నిమిషం పూర్తిగా ఆగిపోవడం, మెల్లగా మొదలై రొప్పుగా మారడం, మళ్లీ తగ్గి ఆగడం, ఇదంతా నిమిషంలో తిరిగి రావడం ఆయన లెక్కపెట్టి నమోదు చేశాడు. అదే ఊరి వైద్యుడు విలియం స్టోక్స్ 1854లో గుండె జబ్బుల మీద రాసిన పుస్తకంలో దీన్ని బలహీనపడిన గుండెతో ముడిపెట్టాడు. అందుకే నేటికీ వైద్యులు దీన్ని చేన్-స్టోక్స్ శ్వాస అంటారు. సెంట్రల్ స్లీప్ అప్నియా అనే జబ్బుకు ఎక్కువగా కనిపించే రూపం ఇదే.

ఊపిరి నిలిచిపోవడానికి మూడు చోట్ల దెబ్బ తగలొచ్చు. మొదటి చోటు గొంతు. నిద్రలో నాలుక వెనక కండరాలు వదులై దారి మూసుకుంటాయి. ఛాతీ, పొట్ట గుంజుకుంటూనే ఉంటాయి, గాలి మాత్రం పోదు, చివరికి పెద్ద గురకతో దారి తెరుచుకుంటుంది. ఇది అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా. పేపర్లలో, టీవీల్లో మాట్లాడేదంతా దీని గురించే. రెండో చోటు కండరం. నేల మీద పడుకునే ఊళ్లలో కట్లపాము సంగతి చెప్పనక్కర్లేదు. అది కరిచినా చాలాసార్లు నొప్పే తెలియదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, ఊపిరి అందదు. మెదడు ఊపిరి పీల్చమనే చెబుతోంది. నరం చివర, అది కండరాన్ని తాకే చోట, విషం ఆ మాటను చేరనివ్వదు. ఇక మూడోది మాట పుట్టే చోటు. గొంతు తెరిచే ఉంది, కండరం బలంగానే ఉంది, మెదడు నుంచి పీల్చమన్న పిలుపే రాలేదు. సెంట్రల్ అంటే ఇదే. అడ్డం లేదు కాబట్టి గుంజులాట లేదు, గుంజులాట లేదు కాబట్టి చప్పుడూ లేదు.

ఆ పిలుపు పుట్టేది పుర్రె అడుగున, వెన్నుపాము మెదడును కలిసే చోట ఉండే మజ్జాముఖంలో. అందులోని ఒక చిన్న నరకణాల గుంపు ఊపిరికి లయ కొడుతుందని జెఫ్రీ స్మిత్, జాక్ ఫెల్డ్‌మన్, వారి సహచరులు 1991లో చూపించారు. అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మెదడు కాండం నుంచి పలచటి ముక్క కోసి ద్రావణంలో ఉంచితే, ఊపిరితిత్తులు లేవు, ఛాతీ లేదు, అయినా ఆ ముక్క లయ తప్పకుండా సంకేతాలు పంపుతూనే ఉంది. ఆ చోటికి వాళ్లు ప్రీ-బోట్‌జింగర్ కాంప్లెక్స్ అని పేరు పెట్టారు. మనిషిలో అక్కణ్నుంచి బయలుదేరిన సంకేతం మెడ నరాల మీదుగా ఉదరవితానానికి దిగుతుంది. అది కిందికి గుంజుకుంటే గాలి లోపలికి వస్తుంది.

అయితే ఎంత లోతుగా పీల్చాలో, ఎంత తొందరగా పీల్చాలో ఆ గుంపుకు ఎవరు చెబుతారు? చాలామంది ఆక్సిజన్ అనుకుంటారు. మామూలు వేళల్లో ఆ పెత్తనం కార్బన్ డయాక్సైడ్‌ది. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ స్కాట్ హాల్డేన్, ప్రీస్ట్‌లీ 1905లో చేసిన ప్రయోగాలు దీన్ని తేల్చాయి. ఊపిరితిత్తుల లోపలి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.2 శాతం పెరిగితే చాలు, మనిషి పీల్చే గాలి దాదాపు రెట్టింపవుతుంది. రక్తంలో దాని పీడనం మెలకువలో 40 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర నిలబడుతుంది. కొంచెం పెరిగితే ఊపిరి జోరందుకుంటుంది, కొంచెం తగ్గితే నెమ్మదిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోలేను. మన పల్లె బావుల్లో ఈతకు దిగే పిల్లలు ఎక్కువసేపు మునగాలని ముందు గబగబా పది ఇరవై సార్లు ఊపిరి ఎగబీలుస్తారు. దానివల్ల ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం కడుక్కుపోతుంది. పైకి రమ్మని ఊపిరి పిలిచేది ఆ వాయువు పెరిగినప్పుడే. అది పెరిగేలోపు ఆక్సిజన్ అయిపోయి పిల్లవాడు నీళ్ల అడుగునే స్పృహ తప్పుతాడు. గుక్క తిప్పుకోవాలన్న తపన కూడా అతనికి కలగదు. పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇది తెలియాలి. సెంట్రల్ అప్నియాలో జరిగేదానికీ దీనికీ మూలం ఒక్కటే: కార్బన్ డయాక్సైడ్ ఒక గీత కిందికి పడితే ఊపిరి పిలుపు ఆగిపోతుంది.

మెలకువగా ఉన్నప్పుడు ఆ గీత మనకు తెలియదు. మాట, నడక, చూపు, చుట్టూ చప్పుళ్లు, మెలకువే స్వయంగా ఊపిరిని నడిపిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ కాస్త తగ్గినా ఊపిరి సాగుతుంది. నిద్ర పట్టగానే ఆ అండ తొలగుతుంది. ముఖ్యంగా కలలు రాని గాఢనిద్రలో ఊపిరి దాదాపు పూర్తిగా ఈ ఒక్క వాయువు మీదే ఆధారపడుతుంది. నిద్రలో దాని పీడనం నాలుగైదు మిల్లీమీటర్లు పెరిగి స్థిరపడుతుంది. దానికి రెండు నుంచి ఆరు మిల్లీమీటర్ల కిందే ఉంది, ఊపిరి ఆగే గీత. అంటే మెలకువలో మామూలనిపించే స్థాయే నిద్రలో ఊపిరి ఆపడానికి సరిపోవచ్చు.

కునుకు పట్టీ పట్టని వేళ చాలామందికి ఒకటి రెండు సార్లు ఊపిరి ఆగేది అందుకే. కళ్లు మూతపడ్డాయి, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ ఇంకా మెలకువ స్థాయిలోనే ఉంది, అది పెరిగేదాకా మెదడు ఊరుకుంటుంది. ఆరోగ్యవంతులకు ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. ఒకసారి ఆగి, గాడిన పడి, రాత్రంతా సాఫీగా సాగుతుంది. కొందరిలో మాత్రం అది గాడిన పడదు. ఎందుకు పడదన్నదే ఈ జబ్బు గుట్టు.

ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు ఇది నాకంటే బాగా అర్థమవుతుంది. తుంగభద్ర దిగువ కాలువ, అదే అందరూ ఎల్లెల్సీ అనేది, హోసపేట దగ్గర డ్యామ్ నుంచి బయలుదేరి 300 కిలోమీటర్లకు పైగా పారుతుంది. కింద ఆయకట్టు ఎండుతోందని కబురు పోతే పైన నీళ్లు వదులుతారు. వదిలిన నీళ్లు ఇక్కడికి చేరడానికి రోజులు పడుతుంది. అంతదాకా ఇంకా రాలేదు, ఇంకా రాలేదని కబుర్లు పోతూనే ఉంటాయి, పైన గేటు ఇంకొంచెం లేస్తుంది. తీరా వచ్చేసరికి కావలసినదానికంటే ఎక్కువ వస్తుంది. ఎక్కువైంది, కట్టండి అని కబురు. కట్టిన సంగతి ఇక్కడ తెలిసేసరికి మళ్లీ రోజులు, ఈలోగా కాలువ ఎండుతుంది. గేటు దగ్గరి మనిషి తప్పు చేయలేదు, కబురు చెప్పినవాడూ అబద్ధమాడలేదు. దూరం ఎక్కువ, స్పందన పెద్దది. ఆ రెండూ కలిస్తే కాలువ ఒకసారి పొంగుతుంది, ఒకసారి ఎండుతుంది. ఎప్పటికీ సమంగా పారదు.

ఒంట్లో గేటు మజ్జాముఖం, కాలువ రక్తం. కబురు పంపేవాళ్లు రెండు చోట్ల ఉన్నారు. ఒకరు మజ్జాముఖంలోనే ఉండి కార్బన్ డయాక్సైడ్‌ను కనిపెడతారు. రెండోవాళ్లు మెడలో, దవడ కింద, కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట ఉంటారు. కొద్ది మిల్లీమీటర్ల ఆ కణజాలాన్ని కెరోటిడ్ బాడీ అంటారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని మెదడుకు చెప్పేది ముందుగా అదే, కార్బన్ డయాక్సైడ్ మార్పునూ అది పసిగడుతుంది. ఈ చోటు పనిని వివరించినందుకే బెల్జియం శాస్త్రవేత్త కోర్నీ హైమన్స్‌కు 1938 నోబెల్ దక్కింది. ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం గుండె గుండా మెడకు చేరడానికి ఆరోగ్యవంతుడికి కొద్ది సెకన్లు చాలు. ఆ కొద్ది సెకన్లలో పెద్ద తప్పులు జరగవు.

ఇప్పుడు ఆ పెద్దాయన గుండెకు వద్దాం. గుండెపోటులో కండరం కొంత చచ్చిపోయింది. పంపు బలహీనపడింది. ఊపిరితిత్తుల నుంచి మెడకు రక్తం చేరడం ఆలస్యమవుతుంది. ఊపిరితిత్తుల్లో కార్బన్ డయాక్సైడ్ ఎప్పుడో తగ్గిపోయినా మెడలో కావలివాడికి ఇంకా పాత రక్తమే అందుతోంది, ఇంకా పీల్చు అంటున్నాడు. రొప్పు వచ్చేది అందుకే. అసలు కబురు అందేసరికి కార్బన్ డయాక్సైడ్ గీత కిందికి పడిపోయి ఉంటుంది. పిలుపు ఆగుతుంది, ఊపిరి ఆగుతుంది. ఆగిన ఇరవై ముప్ఫై సెకన్లలో వాయువు మళ్లీ పెరిగినా ఆ సంగతీ ఆలస్యంగానే తెలుస్తుంది. చేన్ లెక్కపెట్టిన ఆ ఒక్క నిమిషం చుట్టు పొడవును చాలావరకు నిర్ణయించేది ఈ ఆలస్యమే. రక్తం ఎంత నెమ్మదిగా నడిస్తే చుట్టు అంత సాగుతుంది.

ఆలస్యం ఒక్కటే అయితే ఇంత ఊగిసలాట రాదు. స్పందన కూడా పెద్దదవ్వాలి. అది ఎలా పెద్దదవుతుందో చెప్పే పరిశోధనలో ఒక ముఖ్యమైన భాగం మన దేశంలోనే జరిగింది. అవతార్ సింగ్ పెయింటల్ 1955లో ఊపిరితిత్తుల నుంచి మెదడుకు పోయే నరాల్లో కొత్త రకం గ్రాహకాలను వెల్లడించాడు. ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల పక్కనే ఉండే వీటికి తరవాత జె-రిసెప్టర్లు అన్న పేరు స్థిరపడింది. ఆ నాళాల్లో రక్తం నిలిచి నీరు ఊరినప్పుడు ఇవి మేల్కొని ఊపిరి వేగం పెంచుతాయి. బలహీనపడిన గుండె వెనక జరిగేది సరిగ్గా ఇదే. పగలంతా కాళ్లలో చేరిన నీరు, పడుకోగానే రక్తంలోకి మళ్లి ఊపిరితిత్తుల వైపు వస్తుంది. పెయింటల్ గ్రాహకాలు రేగుతాయి. మనిషి అవసరానికి మించి పీలుస్తాడు. ఇలాంటి రోగుల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం పగలు కూడా 38 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉండటం వైద్యులు తరచూ చూస్తారు. గీతకూ మనిషికీ మధ్య ఎడం అలా సన్నబడిపోతుంది.

పంపు బలం బాగా తగ్గిన గుండె రోగుల్లో నలుగురిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా ఈ ఊపిరి కనిపిస్తుంది. మగవాళ్లలో, అరవై దాటినవాళ్లలో, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. ఇది గుండెను ఊరికే వదలదు. ఊపిరి ఆగిన ప్రతిసారీ ఆక్సిజన్ పడుతుంది, రొప్పు పతాకస్థాయికి చేరే సమయానికి మెదడు ఉలిక్కిపడి అరమెలకువలోకి వస్తుంది, అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఎగజిమ్ముతాయి. విశ్రాంతి తీసుకోవలసిన వేళ అలసిన గుండె కొరడా దెబ్బలు తింటుంది. రాత్రి ఆయాసంతో లేచి కూర్చున్నానని చెప్పే కొందరిలో జరిగిందిదే. ఈ రోగుల్లో చాలామంది పగలు కునికిపాట్లు పడరు, ఒళ్లు నీరసంగా ఉందంటారు. నిద్రజబ్బు అన్న అనుమానం అందుకే ఎవరికీ రాదు.

గుండె ఉక్కులా ఉన్నవాళ్లకు కూడా ఇదే ఊపిరి వచ్చే చోటు ఒకటుంది. అమరనాథ్ గుహ 3,888 మీటర్ల ఎత్తు, లేహ్ ఊరు 3,500 మీటర్ల ఎత్తు. మన మైదానాల నుంచి అక్కడికి పోయిన యాత్రికుడు, కొత్తగా డ్యూటీలో చేరిన జవాను మొదటి రాత్రుల్లో ఉలిక్కిపడి లేచి, ఎవరో గొంతు నొక్కినట్టుందని చెబుతారు. పలచని గాలిలో ఆక్సిజన్ చాలక కెరోటిడ్ బాడీ గోల పెడుతుంది. ఊపిరి పెరిగి కార్బన్ డయాక్సైడ్ కడుక్కుపోతుంది. నిద్ర పట్టగానే గీత తగులుతుంది, ఊపిరి ఆగుతుంది. ఆక్సిజన్ ఇంకా పడిపోయి మళ్లీ గోల. గుండె బాగానే ఉంది కాబట్టి ఆలస్యం తక్కువ, అందుకే ఇక్కడ చుట్టు దాదాపు ఇరవై సెకన్లే. గుండె రోగిలో దానికి రెండు మూడింతలు.

1981లో అమెరికా వైద్య పరిశోధక బృందం ఎవరెస్టు మీదికి వెళ్లినప్పుడు శరీరధర్మ శాస్త్రవేత్త సుఖమయ్ లాహిరి కూడా ఉన్నాడు. మైదానాల నుంచి వచ్చినవాళ్ల నిద్రలో ఊపిరి ఆగి ఆగి సాగడం, తరతరాలుగా ఎత్తులో బతికిన షెర్పాల నిద్రలో అది అంతగా కనపడకపోవడం ఆయన గమనించాడు. తేడా కెరోటిడ్ బాడీ చురుకుదనంలో ఉంది. ఆక్సిజన్ తగ్గితే మైదానపు మనిషి తీవ్రంగా స్పందిస్తాడు, షెర్పా నింపాదిగా స్పందిస్తాడు. ఊపిరి ఆగడానికి కారణం కావలివాడి నిద్రమత్తు అనుకుంటాం. అతని అతిజాగ్రత్త కూడా ఊపిరిని ఆపగలదని లాహిరి పరిశీలన చూపింది. ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచిన మాట ఇదే.

ఆ అతిజాగ్రత్త రసాయనం ఏమిటో వెతుకుతున్నవాళ్లలో ముందు వరసలో ఉన్న పేరు షికాగో విశ్వవిద్యాలయంలోని నండూరి ప్రభాకర్. దశాబ్దాలుగా ఆయన పని అంతా కెరోటిడ్ బాడీ మీదే. ఆక్సిజన్ నిండుగా ఉన్నంతసేపు ఆ కణాల్లో ఒక ఎంజైము రవ్వంత కార్బన్ మోనాక్సైడ్ తయారుచేస్తుంది, అది ఇంకో ఎంజైమును అదుపులో పెడుతుంది. ఆక్సిజన్ తగ్గితే ఆ అదుపు సడలి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కణాలు మెదడుకు మోగిస్తాయి. పొగలో చంపే వాయువు ఒకటి, కుళ్లిన గుడ్డు వాసన వేసేది ఇంకొకటి, రెండూ అణుమాత్రంగా మన మెడలో ఊపిరి కాపలా కాస్తున్నాయి. మొదటి ఎంజైము లేని ఎలుకలు నిద్రలో పదే పదే ఊపిరి ఆపుతున్నాయని, హైడ్రోజన్ సల్ఫైడ్ తయారీని మందుతో అడ్డుకుంటే అలా ఆగడం తగ్గిందని ప్రభాకర్ బృందం 2017లో ప్రకటించింది. మనుషులకు అలాంటి మాత్ర ఇంకా రాలేదు. వస్తే, ముక్కుకు యంత్రం కట్టుకుని పడుకోవలసిన అవసరం చాలామందికి తప్పుతుంది.

పిలుపు రాకపోవడానికి అన్ని చోట్లా ఊగిసలాటే కారణం కాదు. మార్ఫిన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు లయ పుట్టే చోటునే మొద్దుబారుస్తాయి. అప్పుడు పెరగడం తగ్గడం అన్న క్రమం కూడా ఉండదు, ఊపిరి అడ్డదిడ్డంగా వచ్చి ఆగుతుంది. క్యాన్సర్ నొప్పికి వీటిని వాడుతున్నవాళ్లు ఇది చదివి భయపడి మందు మానేయకూడదు. నొప్పి తీరడం ముఖ్యం. మోతాదు, నిద్రమాత్రలతో కలిపి వేసుకోవడం, మద్యం, వీటి గురించి డాక్టరుతో మాట్లాడాలి. పక్షవాతం మెదడు కాండాన్ని తాకినా పిలుపు తప్పుతుంది. చాలా అరుదుగా కొందరు పిల్లలు పుట్టుకతోనే నిద్రలో పిలుపు లేకుండా ఉంటారు. దానికి మూలం ఫాక్స్‌-టు-బి అనే జన్యువులో మార్పని 2003లో తెలిసింది. వాళ్లకు జీవితాంతం రాత్రిపూట కృత్రిమశ్వాస తప్పదు.

నెల తక్కువ బిడ్డల సంగతి వేరు. వాళ్లలో ఈ వ్యవస్థ ఇంకా ముదరలేదు. 28 వారాల లోపు పుట్టిన బిడ్డల్లో దాదాపు అందరికీ ఊపిరి ఆగుతుంది. నవజాత శిశు విభాగాల్లో నర్సులు మానిటర్ మోగగానే అరికాలు మెల్లగా తట్టి ఊపిరి తెప్పించడం చూసినవాళ్లకు తెలుసు, ఆ తట్టు చాలాసార్లు సరిపోతుంది. మందు కూడా ఉంది, అది కెఫీన్. కాఫీలో ఉండేదే, కొలిచి ఇస్తారు. బార్బరా ష్మిట్ నాయకత్వంలో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2006, 2007ల్లో వచ్చాయి. కెఫీన్ తీసుకున్న బిడ్డల్లో ఊపిరితిత్తుల జబ్బు తగ్గింది, తరవాత సెరిబ్రల్ పాల్సీ కూడా తగ్గింది. వారాలు నిండేకొద్దీ లయ కుదురుకుని, బిడ్డ మందు అవసరం లేకుండా ఇంటికి పోతుంది.

పెద్దల జబ్బును తేల్చే పరీక్షను పాలిసోమ్నోగ్రఫీ అంటారు. ముక్కు దగ్గర గాలిని కొలిచే సెన్సర్, ఛాతీకి ఒక పట్టీ, పొట్టకు ఒక పట్టీ, వేలికి ఆక్సిజన్ క్లిప్పు, తలకు మెదడు తరంగాలు చదివే తీగలు. గాలి పది సెకన్లు ఆగితే దాన్ని అప్నియాగా లెక్కిస్తారు. ఆ సమయంలో రెండు పట్టీల గీతలూ ఎదురుబొదురుగా గుంజుకుంటుంటే అడ్డం గొంతులో ఉన్నట్టు. రెండూ తిన్నగా పడుకుంటే పిలుపే రాలేదన్నట్టు. ఆ తేడా కాగితం మీద ఒక్క చూపులో తెలుస్తుంది. ఊపిరి గంటకు అయిదు సార్లు లేదా అంతకు మించి ఆగి, అందులో సగానికి పైగా సెంట్రల్ రకమైతే జబ్బు ఇదని తేలుస్తారు.

ఈ తేడా తేల్చకుండా యంత్రం కొనడం ప్రమాదం. గొంతు మూసుకుపోయే రకానికి 1981లో ఆస్ట్రేలియాలో కొలిన్ సలివన్ చూపిన సీప్యాప్ యంత్రం, ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి, చక్కగా పని చేస్తుంది. సెంట్రల్ రకంలో అది సుమారు సగం మందికే ఉపయోగపడుతుంది. దానికంటే తెలివైన యంత్రం ఒకటి తయారుచేశారు. ఊపిరి తగ్గినప్పుడు తానే ఊది, పెరిగినప్పుడు తగ్గే ఏఎస్‌వీ. అది ఊపిరి గీతలను అందంగా సరిచేసింది. అందరూ సంతోషించారు. 1,325 మంది గుండె రోగుల మీద జరిగిన సర్వ్-హెచ్ఎఫ్ పరీక్ష ఫలితాలు 2015లో వచ్చినప్పుడు ఆ సంతోషం ఆవిరైపోయింది. పంపు బలం 45 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్న ఆ రోగుల్లో, యంత్రం వాడినవాళ్లలో 29.9 శాతం గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయారు. వాడనివాళ్లలో 24 శాతం. కాగితం మీద ఊపిరి బాగుపడింది, మనుషులు బాగుపడలేదు. తరవాత వేరే యంత్రంతో జరిగిన ఇంకో పరీక్షలో హాని కనిపించలేదు, మేలూ తేలలేదు. యంత్రాన్ని ఇంటికే తెచ్చి బిగిస్తామనే వ్యాపారం ఈ సంగతి చెప్పదు. అందుకే నేను గట్టిగా చెబుతున్నాను.

అసలు వైద్యం గుండెకు. గుండె వైఫల్యం మందులు సరైన మోతాదుకు చేరి, ఊపిరితిత్తుల్లో నీరు తగ్గి, రక్తం వేగం పుంజుకుంటే చాలామందిలో రాత్రి ఊపిరి దానంతటదే కుదురుకుంటుంది. అవసరమైనవాళ్లకు రెండు జఠరికలను ఒకేసారి కొట్టించే పేస్‌మేకర్ కూడా దీన్ని తగ్గిస్తుంది. కొందరికి రాత్రి ఆక్సిజన్ ఇస్తారు. అసిటజోలమైడ్ అనే మాత్ర ఇంకో దారి. లేహ్ వెళ్లేవాళ్లకు డాక్టర్లు రాసేది అదే. అది మూత్రంలో బైకార్బొనేట్‌ను పంపించి రక్తాన్ని కొద్దిగా ఆమ్లం వైపు తిప్పుతుంది. దాంతో ఊపిరి ఆగే గీత కిందికి జరుగుతుంది, మనిషికీ గీతకూ మధ్య ఎడం పెరుగుతుంది. పిలుపు రాకపోతే మనమే పంపుదామన్న ఆలోచనతో ఉదరవితానం నరానికి పక్కనే తీగ పెట్టి విద్యుత్తుతో కదిలించే పరికరాన్ని అమెరికా 2017లో అనుమతించింది. ఖర్చు చూస్తే మన పల్లెలకు అది ఇప్పట్లో అందదు.

అందేది ఒకటుంది, సెల్‌ఫోన్. గుండె జబ్బు మనిషి నిద్రలో ఊపిరి ఆపుతున్నాడని అనుమానమొస్తే దుప్పటి తొలగించి, ఛాతీ, పొట్ట రెండూ కనపడేలా, లైటు వేసి, నాలుగైదు నిమిషాలు ఆపకుండా వీడియో తీయండి. అర నిమిషం వీడియోలో చుట్టు కనపడదు. గుత్తి, ఆదోని, కర్నూలు, ఎక్కడి ఆసుపత్రికి వెళ్లినా గుండె డాక్టరుకు అది చూపించండి. పక్కన పడుకునే మనిషి వెంట వెళ్లాలి, ఎందుకంటే ఏ గంటలో ఆగుతోందో, ఎంతసేపు ఆగుతోందో రోగికి తెలియదు. వాడుతున్న మాత్రలన్నీ, నొప్పి మాత్రలతో సహా, సంచిలో వేసుకెళ్లండి. ఎకో రిపోర్టులో ఈఎఫ్ అని రాసిన శాతమే పంపు బలం, అది ఎంతో అడిగి తెలుసుకోండి. ఆ అంకె తెలియకుండా ఎవరు యంత్రం అమ్మజూపినా ఒప్పుకోకండి.